మన కారు, మన కాలు, మన గ్యాస్ ఖర్చు

(ఆదివారం ఉదయం తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

ఇంట్లో కాఫీ తాగుతూ వింటున్నవారికీ, పిల్లల్ని క్లాసులకి తీసుకెళ్తూ కారులో వింటున్నవారికీ శుభోదయం. కారులో ఉన్నవారికి ఈ రోజు కాస్త ఎక్కువ ఉపయోగం. ఎందుకంటే నేను మాట్లాడబోయేది ఆ కారు తాగే గ్యాస్ గురించే.

ముందుగా ఈ అవకాశం ఇచ్చిన కార్యక్రమ నిర్వాహకులకి కృతజ్ఞతలు. నా గురించి రెండు ముక్కలు. ఎం.ఎస్. చదవడానికి ఈ దేశం వచ్చాను, ఆ తర్వాత ఐటీ కన్సల్టెంటుగా స్థిరపడ్డాను. కాపురం న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. ఆఫీసు మాత్రం ఒక ఏడాది ప్రిన్స్‌టన్, ఒక ఏడాది పార్సిపనీ, ఇంకో ఏడాది డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియా. మనలో చాలామంది పరిస్థితి ఇదే కదా! ప్రాజెక్టు ఎక్కడికి పిలిస్తే కారు అక్కడికి పోవాలి. నేను మెకానిక్కుని కాను. కాకపోతే గ్యాస్ కొట్టించిన ప్రతిసారీ లెక్క రాసుకునే అలవాటు ఉంది. ఆ లెక్కల్లోంచీ, ఇక్కడి ప్రభుత్వ సంస్థలు పరీక్షలు చేసి చెప్పిన వివరాల్లోంచీ నాలుగు మాటలు చెబుతాను.

2008 జూన్‌లో దేశపు సగటు రేటు గ్యాలనుకి 4 డాలర్లు దాటింది. 2022 జూన్‌లో 5 డాలర్లు దాటింది. అలా పెరిగినప్పుడల్లా పార్టీల్లో, గుళ్ళో, ఆఫీసు లంచ్‌లో అదే మాట. రేటు దిగగానే అందరం మర్చిపోతాం. నిజానికి రేటు మన చేతిలో లేదు. ఎన్ని గ్యాలన్లు తగలబెడతామన్నది మాత్రం చాలావరకు మన చేతిలో, ఇంకా సరిగ్గా చెప్పాలంటే మన కుడికాలి కింద ఉంది.

లెక్క సులువుగా ఉండడానికి ఒక కారు అనుకుందాం. ఏడాదికి 15,000 మైళ్ళు తిరుగుతుంది, గ్యాలనుకి 25 మైళ్ళు ఇస్తుంది. అంటే మన ఊరి లెక్కలో లీటరుకి సుమారు పదిన్నర కిలోమీటర్లు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు "ఎంత మైలేజీ ఇస్తుందిరా?" అని అడిగితే ఆ లెక్కలో చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. ఈ కారుకి ఏడాదికి 600 గ్యాలన్లు కావాలి. గ్యాలను మూడున్నర డాలర్లు అనుకుంటే 2,100 డాలర్లు. ఇంట్లో రెండు కార్లుంటే 4,200. మీ ఊళ్ళో రేటు వేరుగా ఉంటే ఆ రేటు పెట్టుకుని మళ్ళీ లెక్క వేసుకోండి, పద్ధతి మారదు.

ఈ 2,100లో ఎంత మిగుల్చుకోవచ్చు? ఎక్కువ మిగిలేవాటితో మొదలుపెడతాను. ఎందుకు ఈ వరసలో చెబుతున్నానంటే, మనం సాధారణంగా అతి తక్కువ మిగిలే చోట ఎక్కువ శ్రమ పడతాం.

దానికి ఒక ఉదాహరణ. ఐదు మైళ్ళ దూరంలో ఒక బంకులో గ్యాలనుకి 10 సెంట్లు తక్కువ అని తెలిసింది. బయల్దేరతాం. 12 గ్యాలన్లు కొట్టిస్తే మిగిలింది డాలరు 20 సెంట్లు. పోనూ రానూ 10 మైళ్ళు, 25 మైళ్ళ కారుకి 0.4 గ్యాలను, అంటే డాలరు 40 సెంట్లు. 20 సెంట్లు చేతినుంచి పోయాయి, క్యూలో గడిపిన సమయం దానికి అదనం. దూరపు కొండలు నునుపు అన్నారు కదా! ఆ బంకు మీరు రోజూ వెళ్ళే దారిలోనే ఉంటే తప్పకుండా అక్కడే కొట్టించుకోండి. దానికోసమే బయల్దేరకండి.

ఇప్పుడు పెద్ద లెక్కలు చూద్దాం. మొదటిది, ఇంట్లో ఏ కారు ఎవరు తీసుకెళ్తున్నారు?

మన కుటుంబాల్లో సాధారణంగా ఒక మినీవ్యానో, ఎస్.యు.వి.నో ఉంటుంది, పక్కన ఒక సెడాన్ ఉంటుంది. మినీవ్యాన్ గ్యాలనుకి 20 మైళ్ళు, సెడాన్ 30 మైళ్ళు అనుకుందాం. ఇంట్లో ఒకరి ఆఫీసు రానూపోనూ 60 మైళ్ళు, ఇంకొకరిది 10 మైళ్ళు. ఏడాదికి 240 రోజులు వెళ్తే ఒకరికి 14,400 మైళ్ళు, ఇంకొకరికి 2,400 మైళ్ళు. దూరం వెళ్ళేవారు మినీవ్యాన్ తీసుకెళ్తే ఇంటికంతటికీ 800 గ్యాలన్లు అవుతుంది. అదే దూరం వెళ్ళేవారికి సెడాన్ ఇచ్చి, దగ్గరికి వెళ్ళేవారు మినీవ్యాన్ తీసుకుంటే 600 గ్యాలన్లు. 200 గ్యాలన్లు మిగిలాయి, అంటే 700 డాలర్లు. ఒక్క మరమ్మత్తు లేదు, ఒక్క వస్తువు కొనలేదు. రాత్రి హాల్లో తాళంచెవులు అటూ ఇటూ మార్చుకున్నాం, అంతే.

"ఇది నా కారు, అది నీ కారు" అనే పద్ధతి మన ఇళ్ళల్లో గట్టిగా ఉంటుంది. సీటు సర్దుకోవాలి, అద్దాలు సర్దుకోవాలి, పిల్లల సీట్లు మార్చాలి. 700 డాలర్లకి ఆ మాత్రం సర్దుకోవచ్చా లేదా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. పిల్లల్ని స్కూల్లో దింపేది దగ్గర ఆఫీసు ఉన్నవారే అయితే, మినీవ్యాన్ ఎలాగూ వాళ్ళ దగ్గరే ఉండాలి. అప్పుడు అసలు ఇబ్బందే లేదు.

దీనికి సంబంధించే ఇంకో సంగతి. 2008లో డ్యూక్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. గ్యాలనుకి ఇన్ని మైళ్ళు అనే కొలత మనల్ని తికమక పెడుతుందని దాని సారాంశం. 12,000 మైళ్ళ మీద చూడండి. 30 మైళ్ళిచ్చే కారు అమ్మి 40 మైళ్ళిచ్చేది కొంటే 100 గ్యాలన్లు మిగులుతాయి. 15 మైళ్ళిచ్చేది అమ్మి 20 మైళ్ళిచ్చేది కొంటే 200 గ్యాలన్లు మిగులుతాయి. పైకి చూస్తే మొదటిది 10 మైళ్ళ తేడా, రెండోది 5 మైళ్ళే. మిగిలేది మాత్రం రెట్టింపు. కాబట్టి కారు మార్చాలని అనుకుంటే, ముందు ఇంట్లో ఎక్కువ తాగే కారు గురించి ఆలోచించండి.

రెండోది, వేగం. ఇక్కడ మీకు కాస్త కోపం రావచ్చు.

హైవే మీద కారు పడే శ్రమలో పెద్ద భాగం గాలిని తోసుకుంటూ పోవడానికే. వేగం పెరిగిన కొద్దీ గాలి ఎదురుదెబ్బ అంతకు మించిన పాళ్ళలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలు. అందుకే చాలా కార్లలో గంటకి 50 మైళ్ళు దాటిన దగ్గర్నుంచి మైలేజీ గబగబా పడిపోతుంది. 60లో వెళ్ళే కారుని 70లో తోలితే మైలేజీ సుమారు 14 శాతం తగ్గుతుంది. 60లో 35 మైళ్ళిచ్చే కారు 70లో 30 ఇస్తుందన్నమాట. ఏడాదికి 12,000 హైవే మైళ్ళు తిరిగేవారికి ఇది 57 గ్యాలన్లు, 200 డాలర్లు.

ఈ సంగతి ఈ దేశానికి కొత్త కాదు. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసినప్పుడు, 1974 జనవరిలో నిక్సన్ దేశమంతటా 55 మైళ్ళ వేగ పరిమితి చట్టం మీద సంతకం చేశారు. ఆ చట్టం 1995లో పోయింది. గాలి మాత్రం అప్పుడెలా తోసిందో ఇప్పుడూ అలాగే తోస్తోంది.

మరి సమయం? 30 మైళ్ళ దారి 70లో వెళ్తే దాదాపు 26 నిమిషాలు, 60లో వెళ్తే 30 నిమిషాలు. తేడా నాలుగు నిమిషాలు. అదీ దారంతా ఖాళీగా ఉంటేనే. పొద్దున ఎనిమిదింటికి 287 మీద ఆ నాలుగు నిమిషాలు కూడా మిగలవు. పక్కనుంచి ఎగిరిపోయిన కారు, మనం దిగే ఎగ్జిట్ దగ్గర సిగ్నల్లో మన ముందే నిలబడి ఉంటుంది.

అలాగని ఎడమ లేన్‌లో 55లో పాకమని నేను చెప్పడం లేదు. అది ప్రమాదం, వెనకవాళ్ళు ఊరుకోరు కూడా. కుడి లేన్‌లో, అక్కడున్న పరిమితిలో, మిగతా ట్రాఫిక్‌తో కలిసి వెళ్ళండి. 65 బోర్డు దగ్గర 78లో వెళ్ళడం మానితే చాలు, చాలా ఫలితం వస్తుంది. న్యూజెర్సీలో పరిమితి కన్నా 15 మైళ్ళ లోపు ఎక్కువ వెళ్తే 2 పాయింట్లు, 15 నుంచి 29 మైళ్ళ దాకా అయితే 4 పాయింట్లు. ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు పెంచే సొమ్ము ముందు గ్యాస్ లెక్క ఏపాటిది! దారి సమంగా ఉన్నప్పుడు క్రూజ్ కంట్రోల్ పెట్టుకోండి, వేగం తెలియకుండా పెరగదు. వానలో, మంచులో మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.

మూడోది, కాలు తొక్కే తీరు. ఎనర్జీ డిపార్ట్‌మెంట్ లెక్క ప్రకారం దూకుడుగా తోలడం, అంటే ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కడం, ఒక్కసారిగా బ్రేకు వేయడం వల్ల హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం మైలేజీ పోతుంది. ఎందుకంటే, కారుకి వేగం రావడానికి గ్యాస్ కాల్చాం. బ్రేకు తొక్కగానే ఆ వేగమంతా బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడిగా మారి గాలిలో కలిసిపోయింది. మళ్ళీ వేగం కోసం మళ్ళీ గ్యాస్. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

రూట్ 1 మీద రోజూ వెళ్ళేవారికి సిగ్నళ్ళన్నీ కంఠస్థం. ముందు ఎర్రలైటు కనపడుతోంది. అయినా అక్కడిదాకా వేగంగా పోయి బ్రేకు కొట్టడం ఎందుకు? దూరం నుంచే యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి. ఈ కాలపు ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉండగా కాలు తీస్తే ఇంజన్‌కి గ్యాస్ దాదాపు ఆగిపోతుంది. మీరు చేరేలోపు పచ్చలైటు పడితే అసలు ఆగే పనే ఉండదు. ముందు కారుకి మూడు సెకన్ల దూరం ఉంచుకుంటే బ్రేకు అవసరం తగ్గుతుంది. ఇది ముందు ప్రాణానికి మంచిది, తర్వాత జేబుకి.

ఇక్కడ ఇండియా నుంచి వచ్చిన ఒక అలవాటు గురించి చెప్పాలి. మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు, కారు పల్లం దిగుతుంటే "న్యూట్రల్‌లో వెయ్యరా, పెట్రోలు కలిసొస్తుంది" అనేవారు. కార్బురేటర్ బండ్ల కాలంలో పుట్టిన మాట అది. ఈ కార్లలో గేరులో దిగుతుంటేనే గ్యాస్ ఆగుతుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ తిరగడానికి కొంత గ్యాస్ కావాల్సి వస్తుంది, పైగా ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. శ్రీశైలం ఘాట్‌లో అయినా, పోకోనో కొండల్లో అయినా ఆ పని చేయకూడదు. ఇది ఆయనకి నెమ్మదిగా వివరించాను. "అయితే సరేలే, నీ కారు నీకు తెలుసు" అన్నారు.

నాలుగోది, చల్లని ఇంజన్‌తో చిన్న చిన్న ప్రయాణాలు. ఇంజన్ వేడెక్కేదాకా గ్యాస్ ఎక్కువ తాగుతుంది. చల్లారిన ఇంజన్‌తో విడివిడిగా తిరిగే చిన్న ట్రిప్పులు, అదే దూరం ఒక్క ట్రిప్పులో తిరిగినదానికి రెట్టింపు గ్యాస్ తాగగలవు. చలికాలంలో మరీ ఎక్కువ. 77 డిగ్రీల ఎండలో వచ్చే మైలేజీ కన్నా 20 డిగ్రీల చలిలో ఊళ్ళో తిరిగితే సుమారు 15 శాతం తక్కువ వస్తుంది. మూడు నాలుగు మైళ్ళ ట్రిప్పులైతే 24 శాతం దాకా పోతుంది.

మన వారాంతం ఎలా ఉంటుందో చూడండి. శనివారం పొద్దున కూచిపూడి క్లాసు, ఇంటికి వచ్చేస్తాం. మధ్యాహ్నం ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు, మళ్ళీ ఇంటికి. కొత్తిమీర మర్చిపోయామని ఇంకోసారి. సాయంత్రం బ్రిడ్జ్‌వాటర్ గుడి. నాలుగుసార్లు ఇంజన్ చల్లారింది, నాలుగుసార్లు వేడెక్కింది. వీటిలో రెండు మూడు పనులైనా ఒక చుట్టులో కలపొచ్చు. అన్నిటికన్నా దూరం ఉన్న చోటికి ముందు వెళ్ళండి, ఇంజన్ బాగా వేడెక్కుతుంది, తిరిగివస్తూ దగ్గర పనులు చూసుకోండి. ఫ్రిజ్ మీద ఒక కాగితం పెట్టి కావాల్సినవి రాసుకుంటే కొత్తిమీర ట్రిప్పు తప్పుతుంది.

పిల్లల క్లాసులకి ఇరుగుపొరుగుతో వంతులు వేసుకుంటే ఇంకా మంచిది. నాలుగు కుటుంబాలు కలిస్తే నెలలో మీ వంతు ఒక్క వారమే వస్తుంది. పిల్లలకీ సరదా, పెద్దలకీ మూడు శనివారాలు ఖాళీ. ఒక్క జాగ్రత్త, ఎవరి కారైనా సరే పిల్లలకి తగిన సీటు ఉండాలి. న్యూజెర్సీ చట్టం ప్రకారం ఎనిమిదేళ్ళ లోపు, 57 అంగుళాల లోపు ఉన్న పిల్లలు వెనక సీట్లో, కార్ సీటులోనో బూస్టర్‌లోనో కూర్చోవాలి. ఆ సీటు కూడా పంపించడం మర్చిపోకండి.

ఐదోది, ప్రీమియం గ్యాస్. మన న్యూజెర్సీలో 1949 చట్టం పుణ్యమా అని గ్యాస్ మనం కొట్టుకోనక్కర్లేదు. బంకులో అతను వచ్చి అడుగుతాడు. మనవాళ్ళు కొందరు కొత్త కారు మీద ప్రేమతో "ప్రీమియం" అంటారు. మంచి తిండి పెడితే మంచి పని చేస్తుందని నమ్మకం. 87, 93 అని రాసి ఉండేవి బలానికి కొలతలు కావు. ఇంజన్ లోపల గ్యాస్ వేళ కాని వేళ మండిపోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకెలవి. రెగ్యులర్‌కి తయారైన ఇంజన్‌లో ప్రీమియం పోస్తే లాభం ఏమీ లేదని ఏఏఏ సంస్థ 2016లో పరీక్షలు చేసి మరీ చెప్పింది. గ్యాలనుకి 80 సెంట్లు తేడా ఉంటే, మన 600 గ్యాలన్లకి ఏడాదికి 480 డాలర్లు! కారుతో వచ్చిన పుస్తకం తీసి చదవండి. ప్రీమియం తప్పనిసరి అని ఉంటే అదే పోయాలి, అక్కడ పొదుపు పనికిరాదు. రెగ్యులర్ అని ఉంటే రెగ్యులర్ చాలు.

అలాగే ట్యాంకులో వేస్తే మైలేజీ పెరిగే బిళ్ళలు, ఇంజన్‌కి తగిలించే అయస్కాంతాలు అని అమ్ముతుంటారు. ఈపీఏ ఇలాంటివి వందకు పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచేది ఒక్కటీ కనపడలేదు. కొన్నిటివల్ల ఇంజన్ పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. ఆ డబ్బుతో పిల్లలకి పుస్తకాలు కొనండి.

ఇక చిన్న లెక్కలు త్వరగా చెప్పేస్తాను. వీటిలో డబ్బు తక్కువే, కానీ క్షేమం ఉంది.

టైర్లలో గాలి. నాలుగు టైర్లలో సగటున ఒక్క పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం తగ్గుతుంది. చలి 10 డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో 80 డిగ్రీలప్పుడు నింపిన టైరు జనవరిలో 30 డిగ్రీలకి ఐదు పీఎస్ఐ పోగొట్టుకుంటుంది. డబ్బులో ఏడాదంతా లెక్కేసినా సుమారు 20 డాలర్లే. కానీ టైరు త్వరగా అరిగిపోతుంది, వానలో పట్టు తగ్గుతుంది. డాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతుందిలే అని ఊరుకోకండి. ఉండాల్సిన దానికన్నా 25 శాతం తగ్గితే వెలగాలన్నది చట్టంలోని నిబంధన. 32 ఉండాల్సిన టైరులో 25 ఉన్నా లైటు రాకపోవచ్చు. నెలకోసారి, కారు బయటికి తీయకముందు చూసుకోండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు పక్కన అచ్చుపోసిన అంకె ఆ టైరు మోయగల గరిష్ఠం, అంత నింపకూడదు.

కదలకుండా ఇంజన్ ఆన్‌లో పెట్టడం. గంటకి పావు నుంచి అర గ్యాలను దాకా పోతుంది. స్కూలు ముందు పిల్లల కోసం 20 నిమిషాలు అలా కూర్చుంటే, 180 బడి రోజులకి 60 గంటలు, దాదాపు 18 గ్యాలన్లు, 63 డాలర్లు. మన రాష్ట్రంలో మూడు నిమిషాల మించి అలా ఉంచకూడదని నిబంధన కూడా ఉంది. ఆ పొగ పీల్చేది మన పిల్లలే కదా! చలికాలం పొద్దున కూడా పది నిమిషాల వార్మప్ అక్కర్లేదు. అద్దాల మీద మంచు శుభ్రంగా తీసి, అర నిమిషం ఆగి, మొదటి కొద్ది మైళ్ళు మెల్లగా వెళ్తే చాలు. ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఇంటికి ఆనుకుని ఉన్న గరాజులో ఇంజన్ ఆన్ చేసి వదలకండి, తలుపు తీసి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, ఇంట్లోకి వచ్చినా తెలియదు.

కారు పైన పెట్టెలు. నయాగరాకో, స్మోకీ మౌంటెన్స్‌కో వెళ్ళేటప్పుడు పైన పెట్టె కడతాం. ఇంటర్‌స్టేట్ మీద 65 నుంచి 75 మైళ్ళ వేగంలో పెద్ద పెట్టె 10 నుంచి 25 శాతం మైలేజీ తినేస్తుంది. ట్రిప్పుకి కావాలంటే పెట్టుకోండి, తిరిగి వచ్చాక ఆ వారమే దింపేయండి. వెనక డిక్కీలో బరువు అంత ప్రమాదం కాదు, 100 పౌండ్లకి ఒక శాతం. డిక్కీలో 20 పౌండ్ల సోనామసూరి బస్తా రెండు రోజులు ఉండిపోయిందని ఇంట్లో గొడవ పడకండి.

ఏసీ. ఊళ్ళో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కిటికీలు తీసుకోండి, హైవే మీద కిటికీలు మూసి ఏసీ వేసుకోండి. ఎండలో నిలబెట్టిన కారుని ముందు రెండు నిమిషాలు కిటికీలు తీసి తోలితే వేడి గాలి పోతుంది, ఏసీకి శ్రమ తగ్గుతుంది. పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్నప్పుడు మాత్రం ఏసీ దగ్గర పిసినారితనం వద్దు.

చెక్ ఇంజన్ లైటు. దాన్ని నెలల తరబడి చూస్తూ ఊరుకునేవారు ఉన్నారు. పాడైన ఆక్సిజన్ సెన్సరుని బాగుచేయిస్తే మైలేజీ 40 శాతం దాకా మెరుగుపడొచ్చు. 1996 తర్వాత ఇక్కడ అమ్మిన కార్లన్నిటిలో లోపం కోడ్ చదివే సాకెట్ ఉంటుంది. విడిభాగాల దుకాణాల్లో చాలాచోట్ల ఊరికే చదివిపెడతారు. ముందు కోడ్ తెలుసుకుని తర్వాత మెకానిక్కు దగ్గరికి వెళ్తే మాట్లాడడానికి మనకీ ఒక ఆధారం ఉంటుంది.

చివరగా, గ్యాస్ కన్నా పెద్ద విషయం ఒకటి. ఇది ముఖ్యంగా నాలాంటి కన్సల్టెంట్లకి.

ఒక కొత్త ప్రాజెక్టు వచ్చింది, గంటకి మూడు డాలర్లు ఎక్కువ. ఏడాదికి 1,920 గంటలు అనుకుంటే 5,760 డాలర్లు. సంతోషంగా ఒప్పుకుంటాం. ఆఫీసు మాత్రం ఇప్పటిదానికన్నా 35 మైళ్ళు దూరం. రానూపోనూ 70 మైళ్ళు, 240 రోజులకి 16,800 మైళ్ళు. గ్యాస్ ఒక్కటే చూస్తే 25 మైళ్ళ కారుకి 2,352 డాలర్లు, "ఫరవాలేదు, మూడు వేలు మిగులుతుంది" అనుకుంటాం. కానీ కారు గ్యాస్ ఒక్కటే తినదు. టైర్లు, ఆయిలు, మరమ్మత్తులు, ఇన్సూరెన్స్, మైలు మైలుకీ తగ్గిపోయే కారు విలువ, ఇవన్నీ కలిపి ఐఆర్ఎస్ వాళ్ళు 2025 సంవత్సరానికి మైలుకి 70 సెంట్లు అని లెక్క కట్టారు. ఆ లెక్కన 16,800 మైళ్ళకి 11,760 డాలర్లు. "ఇన్సూరెన్స్ ఎలాగూ కట్టేదే, కారు పాతదే" అని అందులో సగమే వేసుకున్నా 5,880. పెరిగిన జీతం మొత్తం అక్కడే అయిపోయింది. ఆ జీతం మీద టాక్స్ ఉంది, ఇంటి నుంచి ఆఫీసుకి తిరిగిన మైళ్ళకి టాక్స్‌లో మినహాయింపు లేదు.

ఇంకా రోజుకి కనీసం గంటన్నర అదనంగా దారిలోనే. ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రకి సిద్ధమవుతుంటారు. దానికి ఐఆర్ఎస్ వాళ్ళు కూడా రేటు కట్టలేరు. ప్రాజెక్టు లేక ఇంట్లో కూర్చున్నప్పుడు, వీసా గడువు తరుముతున్నప్పుడు ఎంత దూరమైనా వెళ్ళక తప్పదు, ఆ కష్టం నాకు తెలుసు. కానీ ఎంచుకునే వీలు ఉన్నప్పుడు, గంటకి ఎంత అని అడిగే ముందు ఎన్ని మైళ్ళు అని అడగండి. వారంలో రెండు రోజులు ఇంటినుంచి పనిచేస్తానని మొదట్లోనే మాట్లాడుకోండి. మీరు వేసుకోగల గ్యాస్ పొదుపు లెక్కల్లో అన్నిటికన్నా పెద్దది అదే.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లు ఉన్నవారు ఇదంతా తమకి కాదనుకోవద్దు. గాలి ఎదురుదెబ్బ, టైర్లు, పైన పెట్టె, చలి, దూరం, ఇవి మీకూ వర్తిస్తాయి. ఎలక్ట్రిక్ కారు ఉన్నవారు గ్యాలన్ల బదులు కిలోవాట్-అవర్లలో లెక్క వేసుకోండి, అంతే.

ఈ వారం చేయగలిగినవి నాలుగు చెప్పి ముగిస్తాను. ఒకటి, ఈ రాత్రి ఇంట్లో కూర్చుని ఎవరు ఎంత దూరం వెళ్తున్నారో, ఏ కారులో వెళ్తున్నారో కాగితం మీద రాయండి. రెండు, కారు పుస్తకంలో ఏ గ్యాస్ పోయమన్నారో చూడండి. మూడు, రేపు పొద్దున టైర్లలో గాలి చూడండి. నాలుగు, రేపటి నుంచి రెండు వారాలు మామూలు కన్నా ఐదు మైళ్ళు తగ్గించి తోలండి. ట్యాంకు నిండా కొట్టించినప్పుడు ఓడోమీటరు అంకె రసీదు మీద రాసుకోండి. మళ్ళీ నింపించినప్పుడు తిరిగిన మైళ్ళని పట్టిన గ్యాలన్లతో భాగించండి. నా మాట నమ్మక్కర్లేదు, మీ కారే మీకు చెబుతుంది.

నిదానమే ప్రధానం అని మన పెద్దలు ఏనాడో అన్నారు. వాళ్ళకి టర్న్‌పైక్ తెలియకపోయినా ఆ మాట ఇక్కడా పనికొస్తోంది. ఇప్పుడు కారులో వింటున్నవారు దయచేసి యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేయండి. అందరూ క్షేమంగా ఇల్లు చేరండి.